పచ్చగువ్వకు ఒక్క మర్రి చాలదు

కళ్ళములపై వ్రాలి గింజలు ఏరుకొను గుడిపావురమును రైతులందరు ఎరుగుదురు. దానిపై కోపము కలుగుట సహజమే. కాని అదే కోపము పచ్చగువ్వపై చూపుట న్యాయము కాదు. ఇదియు పావురముల జాతిలోనిదే అయినను నేలకు దిగుట బహు అరుదు. చెట్ల పండ్లే దీని ఆహారము.

పచ్చగువ్వ ఇంచుమించు గుడిపావురమంత ఉండును. తల బూడిదరంగు, మెడ, రొమ్ము పసుపు కలిసిన ఆకుపచ్చ, భుజముపై ఊదారంగు మచ్చ, కాళ్ళు పసుపు. పండిన మర్రిపై ఇరువది పక్షులున్నను ఆకులలో కలిసిపోయి ఒక్కటియు కనబడదు. కూత గూడ ఇంపైన ఈలవలె ఉండును. మహారాష్ట్రమునకు ఇది రాష్ట్రపక్షి. వేసవిలో నాలుగు పుల్లలు పేర్చి పలుచని గూడు కట్టి రెండు తెల్లని గ్రుడ్లు పెట్టును.

నేరేడు, రేగు వంటివి తినినను, దీని ముఖ్యాధారము మర్రి, రావి, జువ్వి, మేడి పండ్లే. ఇతర చెట్లు కొన్ని నెలలే కాయును. మర్రిజాతి చెట్లు అట్లు కాదు. ఒక చెట్టు పండినపుడు ప్రక్క ఊరి చెట్టు పిందె మీద ఉండును. దీనికి కారణము కలదు. మేడిపండు పొట్టలో పురుగులుండునని పెద్దలు చెప్పుదురు గదా! ఆ పురుగులలో దోమకంటె చిన్నదైన ఒక కందిరీగ జాతి కీటకము ఉండును. ఆ చెట్టుకు పుప్పొడి చేర్చునది అదియే. రెక్కలు వచ్చి బయటపడిన పిమ్మట అది బ్రతుకునది ఒకటి రెండు దినములే. ఆలోపల పిందె మీదనున్న అదే జాతి చెట్టు దొరకవలెను. అందుచేత చెట్లన్నియు ఒకేసారి పండవు. పచ్చగువ్వ కూడ ఈ ఊరినుండి ఆ ఊరికి పండిన చెట్టును వెదకుకొనుచు పోవును. ఇందులో ఏ చెట్టు పోయినను దాని నెలలో పక్షులకు పస్తే.

పచ్చగువ్వ మర్రివిత్తులు వెదజల్లునని కొందరందురు. నిజమునకు దాని కందనకాయలో చాలవిత్తులు నలిగిపోవును. ఆ పని ఎక్కువగా చేయునవి గోరువంక, కోకిల, గబ్బిలము.

ఈ పక్షిని కొట్టుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద నేరము. వేటకంటె పెద్ద ముప్పు బాటల విస్తరణ. చెరువుగట్టు మీద గాని, బాట ప్రక్క గాని మర్రిని కొట్టివేయుటకు పంచాయతీ తీర్మానించు ముందు, చుట్టుప్రక్కల ఊళ్ళలో అట్టి చెట్లెన్ని మిగిలినవో గ్రామాధికారులు లెక్కచూడవలెను. చెట్టు తీయక తప్పనిచో, చేతిలావు కొమ్మలను తొలకరిలో నాటిన వేరూనును. గోడలకు, బావులకు దూరముగా నాటి, పశువులు మేయకుండ ముళ్ళకంప చుట్టవలెను.