ఎత్తిపోతల జానెడైతే.. గూడ్సు పెట్టె ఎంత?

మీటర్‌గేజ్ కాలపు పల్నాడు సరకు బండ్ల నమూనాలకు తూకమే ప్రాణం
రంగు కుదిరినా బరువు కుదరకుంటే చరిత్ర తప్పినట్లే

ఎత్తిపోతల (మాచర్ల): చంద్రవంక, నక్కలవాగు, తుమ్మలవాగు కలిసి ఎత్తిపోతల వద్ద సుమారు 70 అడుగుల ఎత్తు నుంచి దూకుతాయి. ఈ జలపాతాన్ని 87వ వంతుకు కుదిస్తే 25 సెంటీమీటర్లకు లోపు, అంటే జానకు కాస్త ఎక్కువ ఎత్తు మిగులుతుంది. అదే లెక్కన 18 అడుగుల పాత గూడ్సు పెట్టె ఆరు సెంటీమీటర్ల పైచిలుకు ఉంటుంది. దాని పక్కన నిలబడిన హమాలీ ఎత్తు రెండు సెంటీమీటర్లకు తక్కువే. ప్రపంచంలో రైలు నమూనాలు తయారుచేసే వారిలో అత్యధికులు పాటించే కొలత ఇదే. దీనిని ‘హెచ్‌వో’ అంటారు.

ఆవిరి ఇంజిన్ల కాలపు గూడ్సు బండ్లను రివెట్టు రివెట్టుగా, అవి మోసిన సరకుతో సహా యథాతథంగా మలచడం అమెరికా, బ్రిటన్ వంటి దేశాల్లో దశాబ్దాలుగా సాగుతున్న విద్య. మన దేశంలో పుణెలోని జోషి మినియేచర్ రైల్వే మ్యూజియం వంటివి కొన్ని ఉన్నా, మన ప్రాంతపు మీటర్‌గేజ్ వ్యాగన్లు మాత్రం బజారులో తయారుగా దొరికేవి కావు. అట్టతోనో, ప్లాస్టిక్ రేకుతోనో, ఇటీవలి కాలంలో త్రీడీ ప్రింటరుతోనో ఎవరికి వారు చేసుకోవలసినవే. అందుకు ముందుగా అసలు బండి ఎలా ఉండేదో తెలియాలి. చిక్కంతా అక్కడే ఉంది. గుంటూరు - మాచర్ల మార్గం 1990వ దశకం తొలినాళ్లలో బ్రాడ్‌గేజ్‌గా మారింది. దానిమీద తిరిగిన పాత పెట్టెలు తుక్కు కిందకు వెళ్లిపోయాయి. వాటిలో సరకు ఎత్తిన చేతులు వృద్ధాప్యంలో ఉన్నాయి. ఇప్పుడు తప్పుగా చేసిన నమూనాను పదేళ్ల తరువాత ఏ పాఠశాల ప్రదర్శనలోనో పిల్లలు నిజమని నమ్మితే, కాదని చెప్పగలవారు మిగలరు.

పట్టాల వద్దే తొలి తప్పు

మీటర్‌గేజ్ అంటే రెండు పట్టాల నడుమ 1,000 మిల్లీమీటర్ల దూరం. మన బ్రాడ్‌గేజ్ 1,676 మిల్లీమీటర్లు. విదేశాల్లో విరివిగా ఉన్న స్టాండర్డ్ గేజ్ 1,435. బొమ్మల దుకాణంలో దొరికే హెచ్‌వో పట్టాలు ఈ మూడో దానికి చెందినవి. వాటి వెడల్పు 16.5 మిల్లీమీటర్లు. మాచర్ల మార్గానికి కావలసింది పదకొండున్నర మిల్లీమీటర్లే. కనుక ఈ విద్యలో అనుభవమున్నవారు మీటర్‌గేజ్‌కు 12 మిల్లీమీటర్ల పట్టాలు వాడతారు. బజారు పట్టాలపైనే మన పెట్టెను నిలిపితే అది కాళ్లు ఎడంగా చాచిన మనిషిలా కనిపిస్తుంది.

రెండో తప్పు పెట్టెల కొసల్లో దొర్లుతుంది. బ్రాడ్‌గేజ్ పాత వ్యాగన్లకు ఇరుపక్కలా గుండ్రని బఫర్లు, మధ్యలో మరతో బిగించే లంకె ఉండేవి. మీటర్‌గేజ్ బండికి అలా కాదు. నడుమ ఒకే ఒక్క బఫరు, దానిమీదే కొక్కెం. బ్రిటన్ నుంచి తెప్పించిన కిట్టుకు గోధుమరంగు పులిమి ‘మాచర్ల గూడ్సు’ అంటే, పక్క బఫర్లే ఆ మాటను అబద్ధం చేస్తాయి. బండి పక్కన చేతి బ్రేకు పొడవాటి కడ్డీ, ఇరుసు చివర మూతలున్న నూనె పెట్టెలు కూడా చూపాలి. ఆ కాలపు ఇరుసులు నూనెలో తడిసిన మెత్త మీద తిరిగేవి. నూనె ఎండితే ఇరుసు కాలి బండి ఆగిపోయేది. అందుకే చక్రాల దగ్గర జిడ్డు నలుపు కనిపించాలి, పట్టాను తాకే అంచు మాత్రం వెండిలా మెరవాలి.

ఏ సంవత్సరపు బండి?

ఏ సంవత్సరాన్ని చూపదలచారో తేల్చుకోకుండా రంగు డబ్బా మూత తీయరాదు. 1930 ప్రాంతంలో ఈ మార్గం వేసినప్పుడు ఇది మద్రాస్ అండ్ సదరన్ మహ్రాట్టా రైల్వేది. 1951 ఏప్రిల్ 14న ఆ సంస్థ, సౌత్ ఇండియన్ రైల్వే, మైసూరు రైల్వే కలిసి దక్షిణ రైల్వే అయ్యాయి. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. పెట్టె పక్కన రాసే పొడి అక్షరాలు ఈ తేదీలను అనుసరించి మారాలి. కానీ తేదీ మారిన మర్నాడే పెట్టెలన్నిటి మీదా పేర్లు మారిపోవు. మరమ్మతు కోసం వర్క్‌షాపునకు వెళ్లినప్పుడే కొత్త రంగు, కొత్త అక్షరాలు పడతాయి. ఆ లెక్కన 1952 నాటి బండిలో పాత సంస్థ అక్షరాలున్న పెట్టె ఒకటి రెండు కలిస్తేనే సహజంగా ఉంటుంది.

మరో సంగతి. గూడ్సు వ్యాగన్లు ఒక రైల్వే సరిహద్దులోనే తిరిగేవి కావు. దేశంలోని మీటర్‌గేజ్ రైల్వేలు వాటిని ఉమ్మడిగా వాడుకొనేవి. గుంటూరు నుంచి గుంతకల్లు, హుబ్లీ మీదుగా గోవా తీరం దాకా నాడు ఒకే వెడల్పు పట్టాలు ఉండేవి. కాబట్టి మాచర్ల గూడ్సు షెడ్డు ముందు ఏ ఉత్తరాది రైల్వే అక్షరాలున్న పెట్టె నిలిచినా వింత కాదు. వరుసగా ఇరవై పెట్టెలూ ఒకే పేరుతో, ఒకే ఛాయతో మెరిసిపోవడమే వింత. అమెరికా నమూనాకారులు కూడా చాలాకాలం సొంత ఊరి రైల్వే పేరే అన్నిటి మీదా రాసుకొని, పాత రికార్డులు తిరగేశాక సర్దుకున్నారు.

పెట్టె మీద సంఖ్యతో పాటు ఖాళీ బరువు, మోయగల బరువు, మరమ్మతు తేదీ రాసి ఉండేవి. గమ్యం తెలిపే కాగితపు లేబులు, తలుపుకు తీగతో వేసిన సీలు, సుద్దముక్క గీతలు అదనం. నమూనాలో వీటిని చదవడం కష్టమే. అయినా అవి లేకపోతే కన్ను పసిగడుతుంది.

బస్తాల లెక్క.. రాతి లెక్క

అసలు పరీక్ష సరకు దగ్గర ఎదురవుతుంది. పల్నాడు అంటే సున్నపురాయి. పిడుగురాళ్లలో సున్నం బట్టీలు, మాచర్ల పరిసరాల్లో పరుపు రాళ్లు, సిమెంటు కర్మాగారాలు అన్నీ దాని చలవే. మాచర్లలో కేసీపీ సిమెంటు కర్మాగారం 1958లో వచ్చింది. అంతకు మూడేళ్ల ముందు, 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. కుడిగట్టు వైపు రైలున్న దగ్గరి పట్టణం మాచర్లే. అక్కడి నుంచి సాగర్‌కు వెళ్లే రోడ్డు ఎత్తిపోతల సమీపం నుంచే సాగుతుంది. ఇంత బరువైన సరకులున్న ప్రాంతపు గూడ్సును చూపేటప్పుడు చాలామంది చేసే పని పెట్టెను అంచుదాకా నింపడం. రాయి విషయంలో అది ఘోరమైన పొరపాటు.

ఉదాహరణకు 18 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు ఉన్న నాలుగు చక్రాల తెరిచిన పెట్టె 16 టన్నులు మోస్తుందనుకుందాం. ఘనమీటరు సున్నపురాయి సుమారు 2.6 టన్నులు తూగుతుంది. 16 టన్నులకు ఆరు ఘనమీటర్ల పైచిలుకు రాయి చాలు. పెట్టె అడుగున సమంగా పరిస్తే అది అడుగున్నర ఎత్తుకు మించదు. హెచ్‌వో కొలతలో ఐదు మిల్లీమీటర్లు! రాళ్ల మధ్య ఖాళీ వల్ల ఇంకొంచెం పెరగవచ్చు. దూరం నుంచి చూసేవారికి పెట్టె ఖాళీగా ఉందేమోననిపిస్తుంది. అదే నిజమైన దృశ్యం. రాయితో గుట్టపోసిన పెట్టె అసలు పట్టాల మీదైతే స్ప్రింగులు కుంగి కదలకుండా నిలిచిపోయేది.

అదే పెట్టెలో బొగ్గు పోస్తే కథ తారుమారు. విడిబొగ్గు ఘనమీటరు 800 కిలోలకు అటూ ఇటూగా తూగుతుంది. 16 టన్నులకు 20 ఘనమీటర్లు కావాలి, అంటే దాదాపు ఐదడుగుల ఎత్తు. ఇక్కడ గుట్ట కనిపించడమే సబబు. సింగరేణి గనుల మార్గం బ్రాడ్‌గేజ్ కాబట్టి అక్కడి బొగ్గు నేరుగా మీటర్‌గేజ్ పెట్టెలో మాచర్ల చేరడం అసాధ్యం. రెండు గేజ్‌లు కలిసే చోట ఒక పెట్టెలోంచి మరోదానిలోకి దానిని మార్చి తీరాలి. ఆ గంపలు, ఆ చెమట చూపగల నమూనా ఎవరైనా చేస్తే అది వంద ఇంజిన్ల పెట్టు.

సిమెంటు, సున్నం తడి తగిలితే చెడిపోతాయి గనుక మూసిన పెట్టెలోనే వెళ్లాలి. పొడిసున్నానికి నీరు తగిలితే వేడి పుట్టి ప్రమాదం కూడా. 16 టన్నుల సిమెంటు అంటే 50 కిలోల బస్తాలు 320. అవి పెట్టెలో మూడడుగుల ఎత్తుకు అటూ ఇటూగా వస్తాయి. తలుపు తెరిచి ఉంచిన నమూనాలో బస్తాలు కప్పు దాకా కనిపిస్తే లెక్క తప్పినట్లే. 1960ల నాటి బస్తా గోనెది, తెల్లటి ప్లాస్టిక్ సంచి ఆ తరువాతి కాలానిది. ఈ చిన్న తేడాతో ఇరవై ఏళ్లు అటూ ఇటూ అవుతాయి. పత్తికి తూకం కంటే చోటు ముందు అయిపోతుంది. 170 కిలోల బేళ్లు 94 ఉంటే గాని 16 టన్నులు కావు. అన్ని బేళ్లు ఆ పెట్టెలో పట్టవు. ఎండుమిర్చి టిక్కీల సంగతీ అంతే, కప్పు తగిలినా పెట్టె ఇంకా మోయగలదు.

శుభలేఖ అట్టతో నాపరాళ్లు

పరుపు రాయిని నమూనాలో చూపేందుకు ఖరీదైన సామగ్రి అక్కరలేదు. ఒకటిన్నర అంగుళాల మందం రాయి 87వ వంతులో అర మిల్లీమీటరు లోపే. పెళ్లి శుభలేఖల్లో మందపాటి అట్ట దాదాపు అంతే ఉంటుంది. రెండడుగుల పలకకు ఏడు మిల్లీమీటర్ల చదరపు ముక్క కత్తిరించాలి. అంచులు మరీ నున్నగా ఉండకూడదు, ఉలితో కొట్టిన రాయి అంచు గరుకుగా ఉంటుంది. రంగు కోసం ఫొటోలు వెతకనక్కరలేదు. మాచర్ల వీధిలో పగిలిన పలక ముక్క ఒకటి బల్లమీద పెట్టుకొని, పొడిగానూ తడిపీ చూసి కలుపుకోవచ్చు. పలకలను పడుకోబెట్టి దొంతర పేరిస్తే కుదుపులకు అడుగువి పగులుతాయి. రాతి వ్యాపారులు వాటిని అంచుమీద నిలబెట్టి, ఒకదానికొకటి ఆన్చి, సందుల్లో గడ్డి దూర్చడం వాడుక. జనపనార పోగులను సన్నగా తరిగితే ఆ గడ్డి తయారు.

బొగ్గుకు అసలు బొగ్గునే నూరి జల్లెడ పట్టి జిగురుతో అతికించడం మేలు. రాతికి ఇది పనికిరాదు. అసలు రాయి నలగ్గొట్టినా దాని రవ్వలు చిన్న పెట్టెలో బండరాళ్లలా కనిపిస్తాయి.

ఆధారాలు ఇంట్లోనే ఉండవచ్చు

వ్యాగన్ కొలతలకు ఢిల్లీలో 1977లో ప్రారంభమైన జాతీయ రైలు మ్యూజియంలోని పాత బండ్లు ఆధారం కాగలవు. సరకు వివరాలకు మాత్రం ఊళ్లోనే వెతకాలి. సరకు పంపిన వ్యాపారికి రైల్వే ఇచ్చే రసీదులో తేదీ, వ్యాగన్ సంఖ్య, సరకు పేరు, బరువు, గమ్యం నమోదయ్యేవి. సరకు విడిపించుకొనేటప్పుడు అసలు రసీదు రైల్వేకే తిరిగి చేరుతుంది. కనుక సత్తెనపల్లి, పిడుగురాళ్ల, నడికుడి, గురజాల, రెంటచింతల, మాచర్లలోని పాత దుకాణాల్లో నకళ్లు, చిట్టా పద్దులు మిగిలి ఉండే అవకాశముంది. చెదలు పట్టాయని తగలబెట్టేలోపు ఒక్కసారి తిరగేయడం మంచిది. స్టేషన్‌లో దిగిన పెళ్లి ఫొటోలనూ తీసిపారేయరాదు. వరుడి భుజం వెనుక అరకొరగా కనిపించే పెట్టె తలుపు, నూనెపెట్టె మూత నమూనాకారుడికి పెన్నిధి. షెడ్డులో పనిచేసిన హమాలీని అడగాల్సిన ప్రశ్నలు కూడా వేరే. బండి ఏ రంగు అని అడిగితే జ్ఞాపకం తడబడుతుంది. ఒక పెట్టెకు ఎంతమంది ఎక్కేవారు, ఎన్ని వరుసలు పేర్చేవారు అని అడిగితే చేతులే చెబుతాయి.

జలపాతం పక్కగా ఆవిరి ఇంజిన్ గూడ్సును లాగుతున్నట్లు చూపాలని ఎవరికైనా మనసు పుడుతుంది. చూడముచ్చటగానే ఉంటుంది. అయితే ఎత్తిపోతలకు రైలు స్టేషన్ లేదు, ప్రయాణికుల లైను మాచర్లతో ముగుస్తుంది. జలపాతం కావాలంటే దానిని రోడ్డు పక్కన, సిమెంటు బస్తాల లారీ వెనుక ఉంచుకోవచ్చు. రైలును మాచర్లలోనే ఆపాలి. ఇంజిన్‌కు 1950 తరువాతి కాలమైతే సరకు బండ్ల కోసం రూపొందిన వైజీ తరగతి సరిపోతుంది. వరుస చివర గార్డు ఉండే బ్రేకు వ్యాన్ మరువరాదు.

పెట్టెలోని సరకును అతికించకుండా, ఎత్తి తీసేలా చేసుకోవాలి. బొగ్గు దింపిన తెరిచిన పెట్టె వెళ్లేటప్పుడు రాయితో వెళ్లవచ్చు, రాయి సిద్ధంగా లేకపోతే ఖాళీగానే వెళుతుంది. ఖాళీ పెట్టెల అడుగున నల్లటి బొగ్గుపొడి, మూలల్లో నాలుగు గడ్డిపోచలు, మూసిన పెట్టెల గడప మీద సిమెంటు తెలుపు ఉంచితే చాలు.