రేడియో రిసీవర్ ఎలైన్‌మెంట్‌లో పరీక్షా పరికరాల అవరోధం

సూపర్‌హెటిరోడైన్ రిసీవర్‌లోని అనునాద వలయాలను వాటి సరైన పౌనఃపున్యాలకు అమర్చడాన్ని ఎలైన్‌మెంట్ అంటారని ఇంతకుముందు తెలుసుకున్నారు. ఇందుకు సిగ్నల్ జనరేటర్, వోల్ట్‌మీటర్ లేదా ఆసిలోస్కోప్ కావాలి. రిసీవర్‌కు తగిలించగానే ఈ పరికరాలు కూడా వలయంలో భాగమవుతాయి. కాబట్టి వాటి అవరోధాన్ని, అంటే ఇంపెడెన్స్‌ను, లెక్కలోకి తీసుకోవాలి.

జనరేటర్‌ను కలపడం

చాలా సిగ్నల్ జనరేటర్ల నిర్గమ అవరోధం 50 ఓమ్‌లు. 50 ఓమ్‌ల లోడ్ కలిపినప్పుడు వచ్చే వోల్టేజిని చూపేటట్లు వాటి డయల్‌ను సాధారణంగా క్రమాంకనం చేస్తారు. అటువంటి డయల్ 10 మైక్రోవోల్టులు చూపితే, లోపలి విద్యుచ్ఛాలక బలం 20 మైక్రోవోల్టులన్నమాట.

దీన్ని 300 ఓమ్‌ల నివేశ అవరోధం గల రిసీవర్‌కు నేరుగా కలిపామనుకుందాం. రిసీవర్‌కు అందేది 20 × 300/350, అంటే దాదాపు 17 మైక్రోవోల్టులు. డయల్‌ను చూసి 10 అని రాసుకుంటే, రిసీవర్ సున్నితత్వం ఉన్నదానికంటే మెరుగ్గా కనిపిస్తుంది. శ్రేణిలో 250 ఓమ్‌ల నిరోధం చేర్చండి. రిసీవర్‌కు ఇప్పుడు 50 + 250 = 300 ఓమ్‌ల జనకం ఎదురవుతుంది; సరిగ్గా 10 మైక్రోవోల్టులు అందుతాయి.

నిర్గమాన్ని కొలవడం

ఇక్కడ నియమం వేరు. కొలిచే పరికరం అవరోధం, కొలిచే చోట ఉన్న అవరోధం కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉండాలి.

455 కిలోహెర్ట్జ్ మధ్యమ పౌనఃపున్య వలయంలో 180 పికోఫారడ్ల కెపాసిటెన్స్ ఉందనుకుందాం. ఆసిలోస్కోప్ ప్రోబ్ మరో 12 పికోఫారడ్లు చేరుస్తుంది. ప్రోబ్ ఉండగానే కోర్ తిప్పి 455 వద్ద గరిష్ఠ నిర్గమం సాధిస్తాం. ప్రోబ్ తీయగానే అనునాద పౌనఃపున్యం 455 × √(192/180), అంటే సుమారు 470 కిలోహెర్ట్జ్‌కు జరుగుతుంది. మన దేశంలో మధ్యతరంగ ఛానళ్ల మధ్య ఎడం 9 కిలోహెర్ట్జ్ మాత్రమే కనుక ఈ 15 కిలోహెర్ట్జ్ తేడా చిన్నది కాదు. బల్లమీద బాగా పలికిన సెట్టు, పరికరాలు తీశాక నీరసంగా పలకడానికి ఇదొక కారణం.

అందువల్ల జనరేటర్ సిగ్నల్‌ను 400 హెర్ట్జ్‌తో మాడ్యులేట్ చేసి, మీటరును లౌడ్‌స్పీకర్ కొనల వద్ద కలపండి. అక్కడి అవరోధం కొన్ని ఓమ్‌లే కాబట్టి మీటరు ప్రభావం ఉండదు. సిగ్నల్‌ను వీలైనంత తక్కువగా ఉంచండి. లేకపోతే ఏ.వి.సి. పనిచేసి గరిష్ఠ స్థానం స్పష్టంగా తెలియదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

75 ఓమ్‌ల నివేశం గల రిసీవర్‌కు పై జనరేటర్‌ను కలపడానికి శ్రేణిలో ఎంత నిరోధం కావాలి? అప్పుడు రిసీవర్‌కు ఎంత వోల్టేజి అందుతుంది?

జవాబు: 25 ఓమ్‌లు, డయల్ చూపే 10 మైక్రోవోల్టులే.