వేడి చేసే దినుసులు – మన కొండల్లో, చైనా దేశంలో



చలికాలం వచ్చేసింది. పొద్దున్నే కుళాయి నీళ్ళు ముట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. ఎవరిని చూసినా జలుబు, దగ్గు. ఇంటి దగ్గరైతే పెద్దవాళ్ళు శొంఠి నీళ్ళు కాచి ఇచ్చి, "తాగే, ఒంట్లో వేడి పుడతాది" అంటారు. చైనా దేశంలో కూడా ఇలాగే మందులను వేడివి, చలవవి అని విడదీసి చెప్తారు. ఈ వేడి అంటే ఏమిటి? అది ఏ జబ్బుకు పనికొస్తుంది, ఏ జబ్బుకు పనికిరాదు? ఈ రెండూ మనం తప్పకుండా తెలుసుకోవాలి.

మన దగ్గర దొరికేవి

1. అల్లం, శొంఠి: రెండూ ఒకటే దుంప. పచ్చిది అల్లం. పైచెక్కు గీకి బాగా ఎండబెడితే శొంఠి. ఎండినప్పుడు దానిలోని ఘాటు పదార్థం కొంత మారిపోయి ఇంకా ఘాటు అవుతుంది. అందుకే అల్లం కన్నా శొంఠి ఎక్కువ వేడి అని పెద్దవాళ్ళు అంటారు.

2. మిరియాలు: మన కాఫీ తోటల్లో నీడ కోసం వేసిన సిల్వర్ ఓక్ చెట్లకు ఈ తీగను పాకిస్తారు. పచ్చి గింజలు కోసి ఎండబెడితే నల్లగా ముడతలు పడతాయి. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ, అంటే మన జి.సి.సి., కాఫీతో పాటు మిరియాలు కూడా కొంటుంది.

3. పిప్పలి: ఇది కూడా మిరియాల జాతి తీగే. కాయ పొడవుగా, సన్నగా ఉంటుంది. మన ఏజెన్సీలో దీన్ని ముఖ్యంగా వేర్ల కోసమే పెంచుతారు. ఆ వేర్లనే మోడి అంటారు.

శొంఠి, మిరియాలు, పిప్పలి మూడూ సమానంగా కలిపి పొడి చేస్తే దాన్ని ఆయుర్వేదంలో త్రికటు అంటారు. మూడు కారాలు అని అర్థం. మిరపకాయ మాత్రం మన దేశపుది కాదు. సుమారు 500 ఏళ్ళ క్రితం పోర్చుగీసు వాళ్ళు ఓడల్లో తెచ్చారు. అంతకు ముందు మన వాళ్ళ కూరల్లో కారం అంటే ఈ మిరియాలు, పిప్పళ్ళే.

చైనా వాళ్ళ పద్ధతి

చైనా వైద్యంలో ప్రతి మందుకూ ఒక గుణం చెప్తారు. వేడి, వెచ్చన, చలవ, బాగా చలవ అని నాలుగు. ఏ గుణమూ గట్టిగా లేనివి సమం. సుమారు 2000 ఏళ్ళ నాటి వాళ్ళ మూలికల పుస్తకంలో 365 మందులు ఉన్నాయి. చల్లదనంతో వచ్చిన జబ్బుకు వేడి మందు, వేడితో వచ్చిన జబ్బుకు చలవ మందు ఇవ్వాలని వాళ్ళ సూత్రం.

వాళ్ళు కూడా అల్లాన్నీ శొంఠినీ వేరు వేరు మందులుగా చూస్తారు. పచ్చి అల్లం "వెచ్చన" – జలుబు పట్టిన కొత్తలో ఇస్తారు. శొంఠి "వేడి" – కడుపు చల్లబడి నొప్పి, విరేచనాలు అయితే ఇస్తారు. మన ఇళ్ళల్లో మాట కూడా దాదాపు ఇంతే కదా!

పిప్పలి అయితే మన దేశం నుంచే వాళ్ళకు తెలిసింది. పిప్పలి అన్న పేరే వాళ్ళ నోట్లో "బిబో" అయింది. ఇంగ్లీషులో పెప్పర్ అన్న మాట కూడా పిప్పలి నుంచి వచ్చిందే.

సుమారు 1800 ఏళ్ళ క్రితం జాంగ్ జోంగ్‌జింగ్ అనే వైద్యుడు జ్వరాల మీద ఒక గ్రంథం రాశాడు. అందులో ఒక కషాయం ఉంది. దాల్చినచెక్క జాతి చెట్టు కొమ్మలు, అల్లం, అతిమధురం, రేగుపండ్లు, ఇంకొక వేరు కలిపి కాస్తారు. అది తాగాక పలచని వేడి గంజి తాగి, దుప్పటి కప్పుకొని కొంచెం చెమట పట్టనివ్వాలి అని రాశాడు. జలుబు చేస్తే మన అమ్మలు వేడి వేడి అంబలి ఇచ్చి పడుకోబెట్టినట్టే.

నిజంగా వేడి పుడుతుందా?

మన నాలుక మీద, చర్మంలో నరాల చివర వేడిని కనిపెట్టే చిన్న తలుపులాంటిది ఉంటుంది. వేడి వస్తువు తగిలితే అది తెరుచుకుని మెదడుకు కబురు పంపుతుంది. మిరప, మిరియం, అల్లంలోని ఘాటు కూడా అదే తలుపును తెరుస్తుంది. అందుకే కారం తింటే కాలినట్టు ఉండి చెమట పడుతుంది. డేవిడ్ జూలియస్ అనే శాస్త్రవేత్త మిరపకాయ ఘాటుతో పరిశోధించి 1997లో దీన్ని కనిపెట్టాడు. అందుకు ఆయనకు 2021లో నోబెల్ బహుమతి పంచి ఇచ్చారు.

అంటే ఈ వేడి పొయ్యిలో నిప్పులాంటిది కాదు. ఒంటికి అందే కబురులాంటిది. గొంతు గరగర, ముక్కు దిబ్బడ, అజీర్ణం లాంటి వాటికి హాయిగా ఉంటుంది. కానీ రక్తంలో ఉన్న క్రిమిని అది చంపదు.

చలి జ్వరం సంగతి వేరు

ఇది ముఖ్యంగా గమనించవలసినది. మన ఏజెన్సీలో మలేరియా ఉంది. దానిలో కూడా ముందు గజగజ చలి వస్తుంది. మూడు దుప్పట్లు కప్పినా ఆగదు. చూసిన వాళ్ళు చల్లదనం చేసింది అనుకుని శొంఠి కషాయం ఇస్తారు. ఆ చలి మంచు వల్ల వచ్చింది కాదు. దోమకాటుతో రక్తంలో చేరిన క్రిములు ఎర్ర కణాలను పగలగొట్టి ఒక్కసారి బయటకు వచ్చినప్పుడు ఆ వణుకు వస్తుంది. కషాయం తాగి కూర్చుంటే రోజులు పోతాయి. ఫాల్సిపారం రకమైతే మెదడుకు ఎక్కి ప్రాణమే పోతుంది.

మలేరియాకు గొప్ప మందు దొరికింది చైనాలోనే. అదీ వాళ్ళ లెక్కలో చలవ మూలిక నుంచి! దాని పేరు చింగ్ హావ్. మన మాచిపత్రి జాతి మొక్క. తూ యూయూ అనే ఆమె, సుమారు 1600 ఏళ్ళ నాటి ఒక పుస్తకంలో ఈ ఆకును నీళ్ళలో నానబెట్టి పిండి ఆ రసం తాగాలని చదివింది. మరిగించమని అందులో లేదు. మరిగిస్తే గుణం పోతుందేమో అని ఆలోచించి తక్కువ వేడితో సారం తీసింది. 1971లో ఆ సారం పని చేసింది. ముందు తన మీదే పరీక్షించుకుంది. 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. అలాగని మనం మాచిపత్రి నమిలితే మలేరియా పోదు. ఆస్పత్రి మాత్రే వేసుకోవాలి.

కాబట్టి ఇలా చేద్దాం

– ఉత్త జలుబు అయితే గ్లాసున్నర నీళ్ళలో చిటికెడు శొంఠి పొడి, దంచిన మిరియాలు నాలుగు, బెల్లం ముక్క వేసి గ్లాసు అయ్యేవరకు మరిగించి గోరువెచ్చగా తాగాలి. కడుపులో మంట, నోటిపూత ఉన్నవాళ్ళు తాగకూడదు.

– పేరు తెలియని దుంపలు, వేర్లు తవ్వి తినకూడదు. చైనా వాళ్ళు బాగా వేడి మందు అని చెప్పే నాభి దుంప శుద్ధి చెయ్యకపోతే విషం.

– చలితో జ్వరం వస్తే ఆ రోజే చెప్పాలి. చెప్తే ఇంటికి పంపేస్తారు, పాఠాలు పోతాయి అని కొందరు దుప్పటి ముసుగు పెట్టుకుని పడుకుంటారు. అలా వద్దు. ఆశా కార్యకర్త దగ్గర కిట్టు ఉంటుంది. వేలి నుంచి ఒక్క చుక్క రక్తం తీస్తే ఇరవై నిమిషాల్లో తెలిసిపోతుంది.

– మాత్రలు మధ్యలో మానకూడదు. వైవాక్స్ రకానికి ఒక మాత్ర 14 రోజులు వాడాలి. మానేస్తే కాలేయంలో దాక్కున్న క్రిమి మళ్ళీ లేస్తుంది.

సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఈ మాట మీ ఊళ్ళో కూడా చెప్పండి. శొంఠి డబ్బా పొయ్యి దగ్గరే ఉండనివ్వండి. కానీ చలి జ్వరానికి ముందు రక్తపరీక్ష, తరువాతే కషాయం.

– 9వ తరగతి విద్యార్థిని