లాల్‌బాగ్ మేడలో ఎవరి పిల్లలు చదివారు?

లక్నోలోని లాల్‌బాగ్ బాలికల బడి చరిత్ర చెప్పేటప్పుడు రెండు విషయాలే ముందుకొస్తాయి. ఒకటి ఆ మేడ. రెండోది దాన్ని బడిగా మార్చిన అమెరికన్ మిషనరీ ఇసబెల్లా తోబర్న్. దళితుల వైపు నుంచి చరిత్ర చదివే మనం ఇంకో ప్రశ్న కూడా వేయాలి. ఆ మేడలోకి ఎవరి పిల్లలు రాగలిగారు?

1856లో ఈస్టిండియా కంపెనీ అవధ్‌ను తనలో కలిపేసుకుంది. 1857 తిరుగుబాటు అణచివేతతో నవాబుల కొలువు మీద బతికినవాళ్లు చితికిపోయారు. తోటలూ మేడలూ చేతులు మారాయి. 1870లో తోబర్న్ అమీనాబాద్ బజారులో ఒక గదిలో ఆరేడుగురు ఆడపిల్లలతో బడి పెట్టింది. గుమ్మం దగ్గర ఓ కుర్రాడు కర్ర పట్టుకుని కాపలా ఉండేవాడు. ఆడపిల్ల చదువంటే ఊరు ఎట్లా చూసేదో దీన్నిబట్టే తెలుస్తుంది. మరుసటి ఏడాది మెథడిస్టు మిషన్ లాల్‌బాగ్‌ను కొన్నది. అది అంతకుముందు చివరి నవాబు ఖజానాదారుడిది.

మేడ దొరికాక హాస్టల్ నడపడం వీలైంది. దేశీయ క్రైస్తవుల కూతుళ్లూ యూరేషియన్ పిల్లలూ ఒకే బడిలో చదివారు. ఆ రోజుల్లో ఇది చిన్న విషయం కాదు. 1886లో కాలేజీ తరగతులు మొదలయ్యాయి. ఇక్కడ చదివి ఇక్కడే ఇంగ్లీషు సాహిత్యం బోధించిన లీలావతి సింగ్ 1900లో న్యూయార్క్ మిషనరీ మహాసభలో ప్రసంగించింది.

సరిగ్గా ఆ దశాబ్దాల్లోనే ఉత్తరాదిలో పాకీపని కులాలవాళ్లూ చమార్లూ గుంపులుగా మెథడిస్టు సంఘంలో చేరుతున్నారు. ఇసబెల్లా అన్న జేమ్స్ తోబర్న్ 1888లో బిషప్ అయ్యాడు. ఈ చేరికలను గట్టిగా సమర్థించినవాడు ఆయనే. అయినా పల్లెలో కొత్తగా చేరిన కుటుంబానికి అందింది చాలావరకు అక్షరాలూ ప్రార్థనలూ నేర్పే చిన్న బడే. అక్కణ్ణుంచి లాల్‌బాగ్ దాకా రావాలంటే తండ్రికి మిషన్‌లో ఉద్యోగమన్నా ఉండాలి, ఎవరన్నా ఫీజన్నా కట్టాలి. సంఘం ఒకటే అయినా చదువు మాత్రం అంతస్తులవారీగానే అందిందని మా అభిప్రాయం.

1901లో ఇసబెల్లా కలరాతో చనిపోయింది. ఆమె పేరు పెట్టుకున్న కాలేజీ తర్వాత చాంద్‌బాగ్‌కు మారింది. బడి లాల్‌బాగ్‌లోనే ఉండిపోయింది. మిషనరీలే మనకు చదువు చెప్పారని మొక్కేవాళ్లూ, మతం మార్చడానికే బళ్లు పెట్టారని తిట్టేవాళ్లూ ఈ అంతస్తుల సంగతి పట్టించుకోరు. మన ప్రాంతపు మిషన్ బళ్ల చరిత్ర రాసేవాళ్లు శిలాఫలకాలతో ఆగిపోకుండా అడ్మిషన్ రిజిస్టర్లూ ఫీజు పద్దులూ తిరగేయాలి. వాడ నుంచి వచ్చిన పిల్ల ఎన్నో తరగతి దాకా చదివిందో, ఎందుకు ఆగిపోయిందో వాటిల్లోనే వెతకాలి.