నెలవంక చూసే బైనాక్యులర్‌కు బూజు పట్టనివ్వకండి

సొసైటీకి బైనాక్యులర్ ఇవ్వదలచిన దాతలకు ఒక మనవి: మూత బిగుతుగా ఉండే డబ్బా, సిలికా జెల్ పొట్లాలు కూడా కలిపి ఇవ్వండి.

నెలవంక కోసం దాన్ని తీసేది ఏడాదిలో కొన్ని సాయంత్రాలే. మిగతా కాలమంతా బీరువాలోనే. ఉద్దానం తీరపు తేమకు అద్దాల లోపల బూజు పాకుతుంది. పైపూత దెబ్బతిన్నాక ఎంత తుడిచినా లాభం లేదు. తోలు సంచి తేమను పట్టి ఉంచుతుంది. కొందరు బియ్యం డబ్బాలో పెడతారు, అది మరీ తప్పు, దుమ్ము చేరుతుంది.

బొమ్మ కదలకుండా చూపే స్టెబిలైజర్ రకానికి ఇంకో జాగ్రత్త ఉంది. చేతి వణుకును సెన్సార్లు పసిగట్టి లోపలి అద్దాలను సర్దుతాయి. అందుకు బ్యాటరీ కావాలి. చాలా మోడళ్లలో పెన్సిల్ సెల్స్ వేస్తారు. చూడడం కాగానే తీసేయండి. నెలల తరబడి ఉంచితే అవి కారి, లోపలి రేకులు తుప్పుపడతాయి.

అద్దం మీది ఇసుకను రబ్బరు బుడ్డితో ఊదాకే మెత్తటి గుడ్డ వాడండి. లుంగీ అంచుతో తుడిస్తే గీతలు పడతాయి.

మూసిపెట్టడం కంటే వాడడమే మేలు. చలికాలంలో టెక్కలి దగ్గరి తేలినీలాపురానికి పిల్లలను తీసుకెళ్లి పెలికాన్లను చూపించవచ్చు. నెలవంకకు మాత్రం సూర్యుడు పూర్తిగా అస్తమించాకే కంటికి పెట్టండి. ముందే చూస్తే చూపు పోతుంది.