గ్రాఫిక్స్ కార్డుకు తగిన విద్యుత్తు: తెలుగు శాఖల కంప్యూటర్లలో ఎస్.ఎం.పి.ఎస్. ఎంపిక - ఒక వివరణ

వ్యాససంగ్రహం

పాత తెలుగు ముద్రణలను కంప్యూటరు చదవగలిగే పాఠంగా మార్చే పనిలో గ్రాఫిక్స్ కార్డు అవసరం పెరుగుతోంది. ఉన్న కంప్యూటరులో కొత్త కార్డును అమర్చేటప్పుడు దానికి విద్యుత్తునందించే ఎస్.ఎం.పి.ఎస్. సామర్థ్యాన్ని సరిచూడకపోతే యంత్రం పనిమధ్యలో ఆగిపోతుంది. చేసిన పని నష్టమవుతుంది. ఎస్.ఎం.పి.ఎస్. పెట్టెపై పెద్ద అక్షరాలతో కనిపించే మొత్తం వాట్లు కాక, 12 వోల్టుల మార్గంలో లభించే విద్యుత్తే ఇక్కడ నిర్ణాయకమని ఈ వ్యాసం వివరిస్తుంది. గోదావరి డెల్టా కాలువల వ్యవస్థను పోలికగా, ఒక నమూనా లెక్కను ఆధారంగా తీసుకుని ఎంపిక పద్ధతిని చూపుతుంది.

కీలకపదాలు: గ్రాఫిక్స్ కార్డు, ఎస్.ఎం.పి.ఎస్., 12 వోల్టుల మార్గం, అక్షర గుర్తింపు, పాత ముద్రణలు, యూపీఎస్.

1. ఉపోద్ఘాతం

1874లో కందుకూరి వీరేశలింగం ‘వివేకవర్ధని’ని ప్రారంభించిన నాటి నుంచి గోదావరి తీరం పత్రికలకు, పుస్తక ముద్రణకు పేరుపొందిన నెలవు. రాజమహేంద్రవరంలోని గౌతమీ గ్రంథాలయం వంటి సంస్థలు ఆ కాలపు వాఙ్మయాన్ని నేటి పరిశోధకులకు అందిస్తున్నాయి. ఇటువంటి గ్రంథాలను స్కాన్ చేస్తే లభించేది పుట చిత్రం మాత్రమే. అందులో ఒక పదాన్ని వెదకాలన్నా, ప్రయోగాలను లెక్కించాలన్నా ఆ చిత్రం పాఠంగా మారాలి.

నేటి ముద్రణను చదవడానికి టెసరాక్ట్ వంటి ఉచిత అక్షర గుర్తింపు సాధనాలు సాధారణ కంప్యూటరులోనే పనిచేస్తాయి. పాత ముద్రణలోని వలపలగిలక, అరసున్న, శకటరేఫ, చెదిరిన సిరా వాటిని తడబాటుకు గురిచేస్తాయి. మాదిరి పుటలతో సాధనానికి తిరిగి శిక్షణ ఇవ్వడం దీనికి ఒక పరిష్కారం. శిక్షణ అంటే ఒకే తరహా గణనలను కోట్లసార్లు చేయడం. సాధారణ ప్రాసెసరులో ఉండే గణన కేంద్రాలు కొద్ది. ఎన్విడియా ఆర్టీఎక్స్ 3060 వంటి మధ్యతరగతి గ్రాఫిక్స్ కార్డులో అటువంటి చిన్న కేంద్రాలు 3,584. అందువల్ల పరిశోధన ప్రాజెక్టులలో గ్రాఫిక్స్ కార్డు కొనుగోలు ఒక అవసరంగా మారింది.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. శాఖలో ఉన్న కంప్యూటరు సాధారణంగా అక్షరకూర్పు కోసం కొన్నది. అందులోని ఎస్.ఎం.పి.ఎస్. కేబినెట్‌తో పాటు వచ్చినది. ఉన్న కొద్దిపాటి నిధి కార్డుకే ఖర్చవుతుంది. కార్డు అమర్చిన తరువాత కంప్యూటరు వెలుగుతుంది, అక్షరకూర్పు సాగుతుంది. శిక్షణ మొదలైన కొద్దిసేపటికి యంత్రం హఠాత్తుగా ఆగి, తిరిగి మొదలవుతుంది. నింద సాఫ్ట్‌వేరు మీదికో, కార్డు మీదికో పోతుంది. బరువైన పనిలో మాత్రమే ఇలా జరుగుతుంటే మొదట అనుమానించవలసిన వాటిలో ఎస్.ఎం.పి.ఎస్. ఒకటి.

2. మూడు కాలువలు, ఒక పెట్టె

గోడలోని ప్లగ్గు నుంచి వచ్చేది 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తు. కంప్యూటరు భాగాలకు కావలసినది తక్కువ వోల్టుల ఏకముఖ విద్యుత్తు. ఈ మార్పును చేసే పెట్టెయే ఎస్.ఎం.పి.ఎస్. ఇది ప్రధానంగా 12, 5, 3.3 వోల్టుల మూడు మార్గాలలో విద్యుత్తును అందిస్తుంది.

1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట వద్ద గోదావరి నీరు తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల కాలువలకు పంపిణీ అవుతుంది. మూడింటి మొత్తం ప్రవాహం ఎంత ఉన్నా, పశ్చిమ డెల్టాలోని పొలానికి అందేది పశ్చిమ కాలువ మోయగలిగిన నీరే. ఎస్.ఎం.పి.ఎస్. సంగతీ అంతే. పెట్టెపై కనిపించే ‘450 వాట్లు’ అన్నది కొన్ని చౌకరకం పెట్టెలలో మూడు మార్గాల గరిష్ఠాలను కలిపి చెప్పిన సంఖ్య. నేటి ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డు దాదాపు పూర్తిగా 12 వోల్టుల మార్గం మీదనే ఆధారపడతాయి. మిగిలిన రెండు కాలువలలో నీరు నిండుగా ఉన్నా వాటికి ఉపయోగం లేదు.

ఈ మార్గం సామర్థ్యాన్ని తెలుసుకోవడం కష్టం కాదు. పెట్టె పక్కనున్న పట్టికలో 12 వోల్టుల కింద ఇచ్చిన ఆంపియర్లను 12తో హెచ్చవేయాలి. అక్కడ 18 ఆంపియర్లు అని ఉంటే లభించేది 216 వాట్లు మాత్రమే. కొన్ని పెట్టెలలో ఈ మార్గాన్ని రెండుగా విభజించి చూపుతారు. అప్పుడు రెండు సంఖ్యలను కూడరాదు. రెండింటికీ కలిపి విడిగా ఇచ్చిన గరిష్ఠ పరిమితినే తీసుకోవాలి.

వాడకం సామర్థ్యాన్ని మించితే, శివారు పొలాలకు నీటిమట్టం పడిపోయినట్లు, ఈ మార్గంలో వోల్టేజీ పడిపోతుంది. ఏటీఎక్స్ ప్రమాణం ప్రకారం 12 వోల్టుల మార్గంలో అనుమతించిన హెచ్చుతగ్గులు 5 శాతం, అంటే 11.4 నుంచి 12.6 వోల్టుల వరకు. మేలైన ఎస్.ఎం.పి.ఎస్. హద్దు దాటగానే తనను తాను ఆపుకొంటుంది. నాసిరకం పెట్టెలో ఆ రక్షణ ఉంటుందన్న భరోసా లేదు. ఈ పోలికకు ఒక పరిమితి ఉంది. దాళ్వాలో నీరు చాలకపోతే వంతులవారీగా వదిలి పంటను గట్టెక్కించవచ్చు. కంప్యూటరులో వంతులు లేవు. అన్ని భాగాలకూ ఒకేసారి అందాలి.

3. నమూనా లెక్క

ఇంటెల్ ఐ5-12400 ప్రాసెసరు గల కంప్యూటరులో ఆర్టీఎక్స్ 3060 కార్డును అమర్చవలసి ఉందనుకుంటే, లెక్క ఇలా ఉంటుంది.

ప్రాసెసరు గరిష్ఠ వాడకం: 117 వాట్లు
గ్రాఫిక్స్ కార్డు: 170 వాట్లు
మదర్‌బోర్డు, మెమరీ, డిస్కులు, ఫ్యాన్లు, ఉజ్జాయింపుగా: 50 వాట్లు
మొత్తం: 337 వాట్లు

ముందు చెప్పిన 216 వాట్ల మార్గానికి ఇది మోయరాని బరువు. పెట్టెపై 450 అని ఉన్నా ఫలితం లేదు. 75 వాట్లతో సరిపెట్టుకొనే చిన్న కార్డును ఎంచుకున్నా మొత్తం 242 వాట్లవుతుంది. కాబట్టి ఇక్కడ మార్చవలసినది కార్డు ఎంపిక కాదు, ఎస్.ఎం.పి.ఎస్.

ఆర్టీఎక్స్ 3060కి తయారీదారు 550 వాట్ల ఎస్.ఎం.పి.ఎస్.ను సూచించడంలో అతిశయోక్తి లేదు. కార్డు సగటున 170 వాట్లు వాడినా, సెకనులో అతి స్వల్పభాగం పాటు అంతకు చాలా ఎక్కువ కోరుతుంది. ఈ క్షణిక శిఖరాలను తట్టుకోవడానికే 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణంలో ప్రత్యేక నిబంధనలు చేరాయి. 12 వోల్టుల మార్గంలోనే 500 వాట్లకు పైగా అందించే 550 వాట్ల పెట్టె అయితే, 337 వాట్లు దాని సామర్థ్యంలో మూడింట రెండు వంతులకు లోపే ఉంటాయి. రోజుల తరబడి సాగే శిక్షణకు ఈ వెసులుబాటు అవసరం.

4. తీగల విషయంలో జాగ్రత్తలు

సామర్థ్యం ఉన్నా అది కార్డుకు చేరే దారి సరిగా ఉండాలి. కార్డు కూర్చునే మదర్‌బోర్డు స్లాటు 75 వాట్ల వరకు అందిస్తుంది. ఆపై అవసరానికి ప్రత్యేక తీగలుంటాయి. ఆరు పిన్నుల కనెక్టరు 75 వాట్లకు, ఎనిమిది పిన్నులది 150 వాట్లకు ఉద్దేశించినవి. పాత ఎస్.ఎం.పి.ఎస్.లో ఇవి లేనప్పుడు డిస్కులకు ఉపయోగించే సాటా తీగను ఎనిమిది పిన్నులకు మార్చే అడాప్టరును వాడుతుంటారు. సాటా కనెక్టరు 12 వోల్టుల వద్ద మోయగలిగినది 4.5 ఆంపియర్లు, అంటే 54 వాట్లే. దాని ద్వారా 150 వాట్లు లాగితే ప్లాస్టిక్ కరిగే ప్రమాదముంది.

ప్రాసెసరుకు వెళ్లే ఎనిమిది పిన్నుల తీగ, గ్రాఫిక్స్ కార్డు తీగ చూపుకు ఒకేలా ఉంటాయి. వాటిలో విద్యుత్తు అమరిక వేరు. ఒక ఎస్.ఎం.పి.ఎస్.తో వచ్చిన ఊడదీయగల తీగలను మరొకదానికి తగిలించడమూ ప్రమాదకరమే. కొన్ని బ్రాండెడ్ కార్యాలయ కంప్యూటర్లలో ఎస్.ఎం.పి.ఎస్. ఆకారం, కనెక్టర్లు ప్రత్యేకంగా ఉంటాయి. బజారులో దొరికే సాధారణ పెట్టె వాటిలో ఇమడదు. కార్డు కొనకముందే కేబినెట్ తెరిచి చూడటం మేలు.

5. యూపీఎస్, వేడి

‘80 ప్లస్’ ముద్ర ఎస్.ఎం.పి.ఎస్. బలాన్ని కాక, విద్యుత్తును వృథా చేయని గుణాన్ని తెలుపుతుంది. బ్రాంజ్ స్థాయి పెట్టె సగం బరువు వద్ద సుమారు 85 శాతం సామర్థ్యంతో పనిచేస్తుంది. ఆ లెక్కన 337 వాట్లు అందించడానికి అది గోడ నుంచి సుమారు 396 వాట్లు తీసుకుంటుంది. మిగిలిన 59 వాట్లు వేడిగా మారుతాయి.

ఈ సంఖ్య యూపీఎస్ ఎంపికను కూడా నిర్ణయిస్తుంది. వ్యాపారంలో ‘600 వీఏ’గా చెప్పే యూపీఎస్ సాధారణంగా 360 వాట్లు మాత్రమే మోస్తుంది. 396 వాట్ల బరువున్నప్పుడు కరెంటు పోతే, పని భద్రపరచుకొనే వ్యవధి ఇవ్వవలసిన యూపీఎస్ తానే ఆగిపోవచ్చు. వర్షాకాలంలో, తుఫాను రోజులలో డెల్టాలో ఇది ఊహామాత్రమైన ప్రమాదం కాదు. 600 వాట్లు మోయగలదని స్పష్టంగా రాసి ఉన్న యూపీఎస్ ఇక్కడ తగినది.

ఎస్.ఎం.పి.ఎస్. ఎంత వేడిలో పూర్తి సామర్థ్యాన్ని ఇస్తుందన్నది మరొక అంశం. కొన్ని పెట్టెలకు 40 డిగ్రీల వద్ద, మేలైన వాటికి 50 డిగ్రీల వద్ద హామీ ఉంటుంది. రోహిణీకార్తె ఎండలలో మూసి ఉన్న గదిలో, కేబినెట్ లోపలి వేడి గది వేడిని మించుతుంది. గోడకు ఆనించి ఫ్యాను దారిని మూయకపోవడం, దుమ్ము తుడిపించడం ఖర్చులేని రక్షణలు. దుమ్ము కోసమైనా ఎస్.ఎం.పి.ఎస్. పెట్టెను విప్పరాదు, ప్లగ్గు తీసినా లోపలి కెపాసిటర్లలో ప్రాణాంతకమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు.

6. ముగింపు

కొటేషన్ కోరే పత్రంలో ‘550 వాట్ల ఎస్.ఎం.పి.ఎస్.’ అని మాత్రమే రాస్తే, తక్కువ ధర చెప్పినవారి ఏ పెట్టె అయినా ఆ మాటకు సరిపోతుంది. 12 వోల్టుల మార్గంలో కనీసం 42 ఆంపియర్లు, కార్డుకు కావలసిన కనెక్టర్లు, 80 ప్లస్ ముద్ర, హామీ కాలం అన్న నాలుగు వివరాలను చేర్చితే ఎంపిక సక్రమమవుతుంది. బడ్జెటు వేసేటప్పుడు కార్డు, ఎస్.ఎం.పి.ఎస్., యూపీఎస్‌లను మూడు వేర్వేరు కొనుగోళ్లుగా కాక ఒకే పద్దుగా చూడాలి. నిధి చాలకపోతే కార్డును ఒక మెట్టు తగ్గించుకోవచ్చు. అందువల్ల శిక్షణ కొన్ని గంటలు ఆలస్యమవుతుంది. ఎస్.ఎం.పి.ఎస్. వద్ద తగ్గించుకుంటే అసలు శిక్షణే పూర్తి కాకపోవచ్చు.