వడ్లూరి అల్లుడూ, మా మనుమరాలూ

పెద్దవారి ఎన్నికలు మా గిద్దలూరుకు కొత్త కాదు. 1991 జూన్‌లో పి.వి. నరసింహారావుగారు ప్రధానమంత్రి అయ్యేనాటికి వారు పార్లమెంటు సభ్యులు కారు. ఆ నవంబరులో నంద్యాల ఉప ఎన్నికలో నిలబడ్డారు. ఆ రోజుల్లో మా గిద్దలూరు నంద్యాల పార్లమెంటు స్థానంలోనే వుండేది. తెలుగువాడు ప్రధాని అయినాడు గదా అని తెలుగుదేశం వారు పోటీయే పెట్టలేదు. 5 లక్షల 80 వేల పైచిలుకు ఆధిక్యంతో నెగ్గారు. అందులో నా ఓటు కూడా ఒకటి. వారి వంగర ఎక్కడ, మా గిద్దలూరెక్కడ! అయినా ఆ రోజు బజారులో ప్రతివాడూ ‘మనవాడు’ అన్నవాడే. ఇంటికి వచ్చి, "ప్రధానమంత్రికి ఓటు వేసి వచ్చానోయ్" అంటే మా ఆవిడ, "అయితే ఇక కుళాయికి నీళ్ళు వస్తాయన్నమాట" అన్నది. ఆమె పుట్టిల్లు మార్కాపురం. నీళ్ళకోసం బిందెలు మోసి పెరిగిన మనిషి.

2024 నవంబరులో వడ్లూరు సంగతి చదివినప్పుడు ఆ మాటే జ్ఞాపకం వచ్చింది. తణుకు దగ్గర పల్లె అది. ఆ ఊరి చిలుకూరివారి వంశంలోని అమ్మాయి ఉష పుట్టి పెరిగింది కాలిఫోర్నియాలో. ఆమె భర్త జె.డి. వాన్స్ అమెరికా ఉపాధ్యక్షుడుగా ఎన్నికయ్యాడు. వడ్లూరులో దేవుడికి పూజలు చేశారు. ఇందులో విడ్డూరమేమున్నది? అల్లుడు పండుగకు రాకపోయినంత మాత్రాన బొబ్బట్లు వండుకోవడం మానేస్తామా?

అరవదేశంలో తిరువారూరు జిల్లా తులసేంద్రపురం పరిస్థితి వేరు. అది కమలా హారిస్ మాతామహుని ఊరు. 2020లో ఆమె ఉపాధ్యక్షురాలుగా నెగ్గినప్పుడు ముగ్గులు పెట్టి, టపాకాయలు కాల్చారు. గుడిలో దాతల పేర్లు చెక్కిన రాతిమీద ఆమె పేరూ వున్నది, 5,000 రూపాయల చందాతో. 2024లో ఆమె అధ్యక్ష పదవికి నిలబడితే మళ్ళీ పూజలు చేశారు. దేవుడు మాత్రం ఎంతమంది మొర అని ఆలకిస్తాడు? ఒక ఊరికి పండుగ, ఒక ఊరికి చిన్నబోయిన ముఖం.

మా ఇంట్లో మాత్రం రెండూ కలిసే వచ్చాయి.

మావాడు టెక్సాస్‌లో హెచ్-1బి వీసామీద వుద్యోగం చేస్తున్నాడు. అప్పటికి కోడలు నీళ్ళోసుకుని వున్నది. మార్చి మొదటి వారంలో పురుడన్నారు. తెలుగింటి అల్లుడు నెగ్గాడని మా ఆవిడ పరమాన్నం వండింది. 2025 జనవరి 20న ఆయన ప్రమాణస్వీకారం చేశాడు. ఆ రోజే కొత్త అధ్యక్షుడు ట్రంప్ ఒక ఉత్తర్వు మీద సంతకం చేశాడు. తాత్కాలిక వీసాల మీద వున్న దంపతులకు, నెల గడిచాక పుట్టే బిడ్డలకు, పుట్టుకతో అమెరికా పౌరసత్వం రాదట.

ఆ రాత్రి మావాడి గొంతు ఫోనులోనే చిన్నబోయింది. మా ఆవిడకు అర్థం కాలేదు.

"మరి బిడ్డ ఏ దేశపుదవుతుందండీ?"

"మన దేశపుదే."

"దానికి వాడు దిగులుపడటమెందుకు? మనమేమన్నా పరాయివాళ్ళమా?"

ఏం చెప్పను? గ్రీన్‌కార్డుకు మనవాళ్ళ వరస దశాబ్దాల తరబడి సాగుతుంది. వుద్యోగం పోతే మూటాముల్లె సర్దుకోవాలి. అక్కడ పుట్టిన బిడ్డకైనా ఆ బెంగ వుండదన్నది వాడి ధైర్యం. నెలలోపలే కాన్పు చేయించమని డాక్టర్ల దగ్గరికి వెళ్ళినవాళ్ళు కూడా వున్నారు. మావాడు కోడలితో ఆ మాట ఎత్తాడట. "ఎప్పుడు రావాలో దానికి తెలియదా?" అని ఆ పిల్ల ఒక్క మాటతో తోసిపుచ్చిందట. కోడలిమీద నాకు గౌరవం పెరిగింది. మూడు రోజులకే సియాటిల్‌లో ఒక న్యాయమూర్తి ఆ ఉత్తర్వును నిలిపివేశాడు. న్యాయస్థానాల్లో తగవు సాగుతూండగానే మార్చిలో మనుమరాలు పుట్టింది. తల్లీబిడ్డా క్షేమమన్నారు. మా ఆవిడ ఈసారి పరమాన్నం వండలేదు, కూర్చుని ఏడ్చింది.

ఏప్రిల్‌లో వాన్స్ దంపతులు పిల్లలతో మన దేశం వచ్చారు. ఢిల్లీ, జయపురం, ఆగ్రా చూశారు. వడ్లూరు మాత్రం వెళ్ళలేదు. మా ఆవిడకు కోపం వచ్చింది. "తాజమహలు చూడటానికి తీరిక వున్నది గాని, తాతల ఊరు చూడటానికి లేకపోయిందా?" అన్నది. పదవిలో వున్నవారి ప్రయాణాలు వారి చేతుల్లో వుండవని సర్దిచెప్పబోయాను. ఆమె వినిపించుకోలేదు. ఆ కోపం వడ్లూరు తరఫునే కాదని నాకు తెలుసు. మావాడు ఈ ఏడు రానన్నాడు. వీసా ముద్రకోసం ఇక్కడికి వస్తే, తిరిగి ఎప్పుడు వెళ్ళనిస్తారో అని భయం. మనుమరాలిని మేము ఫోనులోనే చూస్తున్నాము.

మొన్న మార్కాపురం వెళ్ళినప్పుడు మా ఆవిడ చెక్క చట్రం రాతి పలక ఒకటి కొన్నది. ఒకప్పుడు అక్కడి పలకలు దేశమంతటా బడులకు వెళ్ళేవి. ఇప్పుడు అడిగేవాళ్ళు తక్కువ. పిల్ల అక్షరాభ్యాసానికి ఇంకా చాలా కాలమున్నది గదా అన్నాను. పాత చీరముక్కలో చుట్టి బీరువాలో పెడుతూ, "ఆ వడ్లూరివారి పిల్ల అక్షరాలు దేనిమీద దిద్దిందో!" అన్నది.